లంకకు పంపిన మసాలా

మెట్‌పల్లి,
ఆదివారం పొద్దున.

చిరంజీవి శ్యామలకు మీ అక్క సరోజన దీవించి రాసేది. ఇక్కడ మీ బావ, నా బిడ్డ జమున, నీ కొడుకు సన్నీ, రెండు బర్రెలు అందరూ క్షేమం. నా సంగతి చివర రాస్తాను. నువ్వు అక్కడ క్షేమంగా లేవని నీ ఉత్తరంలో నువ్వే రాశావు కాబట్టి, క్షేమమని తలుస్తాను అనే మాట ఈసారి రాయడం లేదు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని జమున నవ్వుతోంది. ఫోన్లో అయితే నువ్వు తిన్నావా అంటావు, నేను తిన్నానంటాను, అంతలో నీ వెనక ఎవరో గంటె కావాలని అరుస్తారు. ఈసారి చెప్పాల్సినవి అట్లా చెప్పేవి కావు. భూమన్న సారు, ఆయన భార్య బుధవారం గ్రూపులో లంక చూడడానికి వస్తున్నారు. వాళ్ల సంచిలో మసాలా డబ్బా పెట్టి, అందులోనే ఈ ఉత్తరం పెడుతున్నాను. ఉత్తరమంటే బడిలో నేర్చుకున్న తెలుగులోనే రాయాలని నాకు అలవాటు. నువ్వేమో మాట్లాడినట్టే రాస్తావు. అందుకే నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు పక్కనే కూర్చున్నట్టుంటుంది. ఈసారి నువ్వట్లా పక్కన కూర్చుంటే నాకు తలెత్తబుద్ధి కాలేదు.

ముందు నువ్వడిగినవి చెబుతాను. సన్నీ ప్రతి ఆదివారం కరీంనగర్ హాస్టల్ నుంచి వస్తున్నాడు. బస్సు దిగి నేరుగా వంటింట్లోకే వస్తాడు. హాస్టల్ పప్పు నీళ్లలా ఉంటుందని రెండు పూటలది ఒక్క పూటే తింటాడు. చదువుతున్నాడు, నువ్వు ఫికర్ చేయకు. మీ ఇంటి పెంకులు కోతులు మళ్లీ తీశాయి. మీ బావ ఎక్కి సర్దాడు, దిగేటప్పుడు నడుం పట్టింది. ఆ పేరు చెప్పి మూడు రోజులు మంచం మీదికే చాయ్ తెప్పించుకున్నాడు. పసుపు తవ్వడం మొదలైంది, కూలీలు దొరకడం లేదు. నీ కుట్టుమిషను మీద గుడ్డ కప్పి పెట్టాను.

ఇక నువ్వు పంపిన ఫొటోల సంగతి.

నువ్వు పోయి ఏడాది కావస్తోంది. మన దిక్కు నుంచి లంక చూడడానికి వచ్చేవాళ్లకు అక్కడ బగారన్నం, కోడికూర వండిపెట్టడమే నీ పని అని అడిగినవాళ్లందరికీ చెబుతుంటాను. ముందు బస్సులో వాళ్లు, వెనక వ్యానులో గిన్నెలతో నువ్వు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా ఓర్వలేకపోయాను. మీ కంపెనీవాళ్ల రంగుల కాగితం ఒకటి పంపావు చూడు, ‘శ్రీలంకలో తప్పక చూడవలసిన పన్నెండు చోట్లు’ అని. నువ్వు చూసినవాటికి పెన్నుతో టిక్కులు పెట్టి పంపావు. ప్రేమతోనే పంపావు. నాకు మాత్రం నీ మార్కుల కాగితంలా కనిపించింది.

సిగిరియా బండ. పన్నెండు వందల మెట్లు, దారిలో సింహం పంజాలు. నువ్వు అది ఎక్కిన రోజు నేను కోరుట్లలో పెండ్లికి రెండు క్వింటాళ్ల ఉల్లిగడ్డ కోయిస్తున్నాను. క్యాండీలో బుద్ధుడి పన్ను గుడి. పన్ను కనబడదక్కా, పెట్టె ఒక్కటే కనబడుతుంది అని రాశావు. కనబడనందుకు నాకు కొంచెం హాయిగా అనిపించింది. నువరా ఎలియాలో చాయ్ తోటలు, అక్కడి సీతమ్మ గుడి, ఎల్లాలో తొమ్మిది కమాన్ల వంతెన. ఆ వంతెన మీద రైలు వచ్చేదాకా జనమంతా ఎదురుచూస్తే నువ్వు కూడా గంటె పట్టుకుని నిలబడ్డావట. పిన్నవాలాలో ఏనుగులు గుంపుగా నడిచిపోయి నదిలో స్నానం చేస్తాయట. మిరిస్సాలో పడవెక్కితే తిమింగలం తోక కనిపించిందట, తోక ఒక్కటే మన పశువుల కొట్టమంత ఉందట. ఆ ఫొటోను జమున పెద్దది చేసి చూపిస్తుంటే, పొయ్యి మీద పాలు పొంగాయని అబద్ధం చెప్పి లేచిపోయాను.

నేను చూసిన పెద్ద నీళ్లు పోచంపాడు డ్యాం ఒక్కటే. అదీ గేట్లు ఎత్తినప్పుడు, జనం మధ్య నుంచి తల పైకెత్తి. సముద్రం కూడా ఇంతే ఉంటుందిలే అని చాలా ఏళ్లు అనుకున్నాను.

మీ బావకు నా ముఖం చూస్తేనే తెలిసిపోయింది. ఒకరోజు అన్నం తింటూ అన్నాడు.

“నీ చెల్లె పని మీద పోయింది, ఊర్లు చూడ సైర్‌కు పోలే.”

“పని మీద పోయినోళ్లకు కండ్లు ఉండయా?” అన్నాను.

“నీకేం తక్కువైంది గిప్పుడు?”

“ఏం తక్కువ కాలే. పప్పు ఏసుకో.”

అట్లా ఉన్నప్పుడే, దీపావళి ముందు, ఆ వీడియో వచ్చింది. జగిత్యాల నుంచి వచ్చిన టూరిస్టు ఒకామె తీసింది. మిరిస్సా ఒడ్డున నువ్వు నిలబడి ఉన్నావు, కొంగు ఎగిరిపోతోంది, వెనక అలలు. వంట ఎక్కడ నేర్చుకున్నావని ఆమె అడిగితే నువ్వు నవ్వుతూ, “ఊర్ల పెండ్లిండ్లల్ల మా అక్క చేతి కింద చేసేది” అన్నావు. ఆ తర్వాత గాలి చప్పుడు, అలల చప్పుడు, అంతే.

మా అక్క నా చేతి కింద చేసేది అని నువ్వన్నట్టు విన్నాను నేను. మన వంటలవాళ్లలో అది చిన్న మాట కాదని నీకు తెలుసు. ఎవరు పొయ్యి దగ్గర నిలబడ్డారు, ఎవరు చేతి కింద చేశారు అన్నదాన్ని బట్టే పెండ్లివాళ్లు మనల్ని అక్కా అని పిలవాలా, ఏయ్ అని పిలవాలా తేల్చుకుంటారు. ఇరవై రెండేళ్లు పొయ్యి దగ్గర నిలబడ్డదాన్ని నేను. వీడియో ఊరంతా తిరిగింది. ఉల్లిగడ్డ కోసే బుచ్చవ్వ పనిలోకి వచ్చి, కత్తిపీట ముందు కూర్చుంటూ అడిగింది.

“సరోజనా, గన్ని దినాలు నువ్వు నీ చెల్లె చేతి కింద చేస్తుంటివా? మేము ఉల్టా అనుకుంటిమి గదనే.”

ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. నీకు ఫోన్ చేసి అడగవచ్చు. అడగలేదు. అడిగితే నువ్వు కాదంటావేమో, అప్పుడు నా కోపం ఏం చేసుకోవాలి అనిపించింది. నిజం శ్యామలా, ఆ కోపం దొరికినందుకు నాకు సంతోషంగా ఉండింది. అంతదాకా కారణం లేకుండా కుళ్లుకున్నాను, ఇప్పుడు కారణం దొరికింది.

డిసెంబరు గ్రూపులో బట్టల దుకాణం కోమల వచ్చింది కదా. ప్రతి గ్రూపుతో పంపినట్టే ఈసారి ఆమె చేత నీకు మసాలా డబ్బా పంపాను. తిరిగి వచ్చాక నీ ఉత్తరం, చాయ్‌పత్తి పొట్లం పట్టుకుని మన ఇంటికి వచ్చింది. వచ్చినామె రెండు గంటలు లేవలేదు.

“సరోజనక్కా, ఏం చెప్పాలె, సముద్రం గిట్ల ఉంటది” అని తన నీలం చీర రెండు చేతులతో చాపి చూపించింది. “మనిషి పుట్టుక పుట్టినంక ఒక్కసారన్న చూడాలె. నువ్వు గూడ పో అక్కా.”

“సూద్దాం తియ్యి. వంటలెట్లున్నయి?”

కోమల జర దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. “కోపం జేసుకోకు గని, మీ చెల్లె చేతిల రుచి పోయిందక్కా. కోడికూర తింటె వట్టి ఉడుకబెట్టిన కోడి లెక్క ఉన్నది. సగం మంది బ్రెడ్డు తిని లేసిండ్రు. ఓనరు అందరి ముందట అడిగిండు. పాపం, నిలవడి ఏడ్సింది.”

“అయ్యో” అన్నాను నేను. ఆమెకు ఇంకో కప్పు చాయ్ పోశాను, అడగకుండానే బియ్యప్పిండి సర్వప్ప కూడా కాల్చి పెట్టాను. నోటితో అయ్యో అన్నా, కడుపులో పండుగ అయింది. నువ్వు ఏడ్చావని వింటుంటే నాకు పండుగ అయింది. ఇది రాయడానికి పెన్ను మూడుసార్లు కింద పెట్టాను.

కోమల పోయాక నీ ఉత్తరం విప్పాను. ఏం రాశావో నీకు గుర్తుందో లేదో, నాకైతే అక్షరం మరిచిపోకుండా గుర్తుంది.

“అక్కా, మా ఓనరు అరుణ్‌కుమార్ సారుతోటి నీ గురించి మాట్లాడిన. నేను మా అక్క చేతి కింద నేర్చుకున్నదాన్ని, ఆమె వస్తె రెండు గ్రూపులు ఒక్కసారి నడుపొచ్చు సార్ అన్న. సరే, ఫిబ్రవరి గ్రూపుల పిలుద్దాం అన్నడు. టికెటు చేతికొచ్చినంక నీకు చెప్పి సంతోషపెడదామని దాసిన. గని గీ మసాలా వచ్చినప్పటి సంది అందరు పల్లెం వదిలిపెడుతున్నరు. గిదేనా మీ అక్క చెయ్యి అన్నడు సారు. ఆమె అవసరం లేదు, ఇంకో గ్రూపు గిట్లనే అంటె నిన్ను గూడ ఇంటికి పంపిస్త అన్నడు. నూనె మార్చి చూసిన, నీళ్లు మార్చి చూసిన. నా చెయ్యే పోయిందేమో అనిపిస్తుంది. అక్కా, మసాలల ఏమన్న తక్కువైందా? జర యాది చేసుకో.”

యాది చేసుకోవాల్సిన పని లేదు. తక్కువైంది రాతిపువ్వు. కిరాణా దుకాణంలో పత్తర్ ఫూల్ అంటారే, నల్లగా, ఎండిన ఆకు ముక్కల్లా ఉంటుంది, అది. మరిచిపోలేదు. పిడికిట్లోకి తీసుకుని, పెనం దాకా తీసుకుపోయి, మళ్లీ సీసాలో పోసి మూత పెట్టాను. మన అవ్వ అది నాకు ఒక్కదానికే చెప్పింది. నిన్ను నేను రోలు దగ్గరికి ఎప్పుడూ రానీయలేదు, కూరగాయల దగ్గరికి పంపేదాన్ని. మసాలాలో ఏముందో నీకు తెలియకుండా ఉండాలనే అట్లా చేశాను. నేను లేకుండా నీ కూర ఎట్లా ఉంటుందో నీకు, ఆ లంకకు తెలియాలని అనుకున్నాను. తెలిసింది.

మళ్లీ మొదటి నుంచి చదివాను. నీ ఉత్తరంలో ‘చేతి కింద నేర్చుకున్నదాన్ని’ అన్న చోట కన్ను ఆగిపోయింది. జమునను పిలిచి ఆ వీడియో మళ్లీ పెట్టమన్నాను. అది చెవుల్లో వైర్లు పెట్టుకుని వెనక్కి ముందుకి తిప్పి ఏడెనిమిది సార్లు విన్నది.

“అవ్వా, చిన్నమ్మ ‘చేసేది’ అనలేదే. ‘మా అక్క చేతి కింద చేసేదాన్ని’ అన్నది. చివర గాలి కొట్టింది, సరిగ్గ వినరాలే. నువ్వే విను.”

విన్నాను. ‘దాన్ని’ ఉంది. అలల కింద సన్నగా ఉంది, కానీ ఉంది. మన భాషలో ఆ రెండక్షరాలు ఉంటే నువ్వు నా చేతి కింద, లేకపోతే నేను నీ చేతి కింద. నువ్వు పరాయి దేశంలో సముద్రం ఒడ్డున నిలబడి నా పేరు నిలబెట్టావు. నేను ఇక్కడ కూర్చుని నీ కూరలో రుచి తీశాను. ఫిబ్రవరిలో నా చేతికి రావాల్సిన టికెటును కూడా ఆ పెనం దగ్గరే నేనే కాల్చేసుకున్నాను.

చెవి తప్పు విన్నది అని ఇంతటితో ఆపేస్తే నాకు సులువు. మీ బావ కూడా అంతే రాయమన్నాడు. కానీ ఆ వీడియో రాకపోయినా నేను ఇంకేదో వెతుక్కునేదాన్నే. దానికి కారణం వేరే ఉంది. అది నీకు, మీ బావకు, ఎవరికీ చెప్పలేదు.

కోరుట్ల ఫంక్షన్ హాలులో ఆ రోజు గుర్తుంది కదా. నువ్వు బంతి దగ్గర వడ్డిస్తున్నావు. అరుణ్‌కుమార్ సారు వెనక పొయ్యిల దగ్గరికి వచ్చాడు. నేను ఒక్కదాన్నే ఉన్నాను. “అమ్మా, గీ కోడికూర చేసింది ఎవరు? మా టూర్లకు గిసొంటి చెయ్యి కావాలె. ఆర్నెల్లు, ఏడాది శ్రీలంకల ఉండాలె, విమానంల తీస్కపోతం” అన్నాడు. నేనే చేశాను అని నోటి చివర దాకా వచ్చింది. విమానం అన్న మాట వినగానే భయమేసింది. కింద సముద్రం, పైన నేను అన్నది తలుచుకుంటేనే చెమట పట్టింది. తెలియని ఊరు, తెలియని భాష, మీ బావ లేకుండా, జమున లేకుండా. “మా చెల్లె చేసింది సార్” అన్నాను. నిన్ను పిలిచి ఆయన ముందు నిలబెట్టాను.

నీ భర్త పోయాక నువ్వు కుట్టుమిషను మీద ఒంటరిగా కొడుకును చదివిస్తున్నావని, నీకు ఒక దారి చూపించడానికి అక్క తన అవకాశం వదులుకుందని ఊరంతా అన్నారు. అక్క అంటే గట్లుండాలె అని కోమల పదిమందిలో అంది. మీ బావ ఆ రోజు నాకు జడలో పెట్టుకోమని మల్లెపూలు తెచ్చాడు. ‘కాదు, భయపడ్డాను’ అని నేను ఒక్కరితోనూ అనలేదు. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో నువ్వు వంగి నా కాళ్లు మొక్కావు. వద్దని లేపాలి. లేపలేదు. మొక్కించుకున్నాను.

నువ్వు విమానం దిగి, నవ్వుతూ మొదటి ఫొటో పంపినప్పటి నుంచి నాకు ఈ మంట. నేను పోలేని చోటికి నువ్వు పోయావని కాదు. నేను పోగలిగిన చోటికి పోకుండా దాక్కున్నాను, ఆ చోట నువ్వు నిలబడి ఉన్నావు. ఒక్కో టిక్కు చూసినప్పుడల్లా ఆ పొయ్యి దగ్గర నేనన్న మాట నాకే వినబడేది. భయం పోవడానికి ఆరు నెలలు పట్టింది. పోయాక జమునను తీసుకుని కరీంనగర్ పోయి పాస్‌పోర్టు చేయించుకున్నాను. పాస్‌పోర్టు సంగతి మీ బావకు కూడా మొన్ననే చెప్పాను. అది బీరువాలో చీరల కింద ఉంది, ఒక్క ముద్ర లేకుండా.

ఇప్పుడు పని మాట. ఈ డబ్బాలో కిలో మసాలా ఉంది, అన్నీ సరిగ్గా వేసినది. దీనితో ముందు బుధవారం గ్రూపుకు వండు. ఆ తర్వాత నా డబ్బా కోసం చూడకు, నువ్వే దంచుకో. ఉత్తరం వెనక వైపు అన్నీ కొలతలతో రాశాను. రాతిపువ్వు మాత్రం మిగతావాటితో కలిపి వేయించకు. అన్నీ వేయించి దింపాక, ఆ వేడి పెనం మీద వేసి చేత్తో ఒకసారి తిప్పితే చాలు. మంట మీద ఉంచితే చేదు వస్తుంది. అవ్వ నాకు చెప్పినది ఇంతే, నేను దాచుకున్నది కూడా ఇంతే.

డబ్బా అడుగున ఇంకో కాగితం మడిచి పెట్టాను. అది అరుణ్‌కుమార్ సారుకు. మా చెల్లె చెయ్యి ఎక్కడికీ పోలేదు, మసాలా నేను కావాలనే పాడు చేసి పంపాను, శిక్ష వేయాలంటే నన్ను పిలవడం మానేయండి, ఆమెను పంపించకండి అని రాశాను. కావాలనే అన్న మాట చూసి మీ బావ పెన్ను గుంజుకున్నాడు.

“మరిచిపోయిన అని రాయి. ఎవలకేం తెలుస్తది? నీ సీటు గూడ నీకుంటది.”

“తెలుసు” అన్నాను. “అందుకే రాస్తలేను.”

మరిచిపోయానని రాస్తే ఫిబ్రవరిలో నేను నీ పక్కన ఉండేదాన్నేమో. నాకూ ఆ ఆశ పుట్టింది, రెండు రోజులు ఆ ఆశతోనే తిరిగాను. కానీ ఆ మాట రాస్తే సారు నమ్మడు శ్యామలా. మసాలా మరిచిపోయే అక్క, రుచి తెలియని చెల్లె అని ఇద్దరినీ కలిపి పక్కన పెడతాడు. కావాలనే అని ఉంటేనే నీ చేతి మీద మచ్చ పోతుంది. నువ్వు నా మీద జాలిపడి ఆ కాగితం చించేస్తావని నాకు తెలుసు. చించకు. భూమన్న సారు చూస్తుండగానే తీసి అరుణ్‌కుమార్ సారు చేతిలో పెట్టు. కోమలకు నేనే దుకాణానికి పోయి చెప్పి వస్తాను. ఆమెకు చెబితే మెట్‌పల్లి మొత్తానికి చెప్పినట్టే, ఇంకెవరికీ విడిగా చెప్పే పని ఉండదు.

నా మంట తగ్గిందని మాత్రం అనుకోకు. ఇది రాస్తూ కూడా, ఇప్పుడు నువ్వు ఏ ఒడ్డున గిన్నెలు కడుగుతూ తలెత్తి నీళ్ల వైపు చూస్తున్నావో అనుకుంటే నాకు కుళ్లుగానే ఉంది. రేపు కూడా ఉంటుంది. ఇది చదివాక నువ్వు నాతో ఏడాది మాట్లాడకపోయినా సరే. ఇంటికి వస్తానని మాత్రం అనకు. నేను భయపడి వదిలేసిన చోటు అది. నువ్వు కూడా వదిలేసి వస్తే ఇద్దరం ఇక్కడే ఉంటాం. అక్కడే ఉండు.

ఇట్లు,
మొక్కించుకున్నందుకు సిగ్గుపడుతున్న
నీ అక్క,
సరోజన